రంగంలో వదిలి వచ్చిన అక్క

తార్నాకలో మా ఇంటి నుంచి యూనివర్సిటీకి నడిచి వెళ్ళొచ్చు. రిటైరయ్యాక ఏడాదిపాటు అక్కడి లైబ్రరీ చుట్టూ తిరిగాను, అమ్మ పోరు పడలేక. అమ్మమ్మ వాళ్ళు కాకినాడ నుంచి రంగూన్ వెళ్ళారు, వాళ్ళ నోట అది రంగం, యుద్ధంలో కాలినడకన వెనక్కి వచ్చారు, చివరికి హైదరాబాదు చేరారు. రంగూన్‌లో బయలుదేరే ముందు జ్వరంతో ఉన్న పసిపిల్లను అక్కడి పాస్టరమ్మ చేతిలో పెట్టి వచ్చేసింది అమ్మమ్మ. ఆ పిల్ల మా అమ్మకు అక్క. ఆమెను చూడకుండా తను పోనంటుంది అమ్మ.

ఆ పిల్ల పేరు అమ్మమ్మ ఏనాడూ పలకలేదు. రంగం పాప అనేది, అంతే. అసలు పేరు తన బైబిలు మొదటి పేజీలో రాశానని చెప్పేది. మావాళ్ళు పుట్టుకలూ చావులూ రాసుకునేది అక్కడే. బతికుండగా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆమె పోయినప్పుడు ఆ బైబిలును ఆమె చేతుల కింద పెట్టి పెట్టె మూయించిన మహా తెలివైనదాన్ని నేనే. ఒక్కసారి తెరిచి చూడాలని కూడా తోచలేదు.

బర్మా తెలుగువాళ్ళ మీద పరిశోధన చేస్తున్న వరంగల్ అమ్మాయి ఒకరోజు క్యాంపస్ నుంచి ఫోన్ చేసింది.

"దొరికిన్రు మేడమ్. పాస్టరమ్మ పెంచిన పిల్లనే. తెలుగు మంచిగనే మాట్లాడుతున్నరు. అమ్మను తీస్కొని రాండ్రి, వీడియోల చూద్దురు."

అమ్మను ఆటోలో కూర్చోబెట్టుకుని వెళ్ళాను. తెరమీద నెరిసిన తల, అచ్చం అమ్మమ్మ నుదురు. అక్కాచెల్లెళ్ళు కాసేపు ఏడ్చారు. తర్వాత పెద్దమ్మ అంది:

"చెల్లీ, నాకేం లోటు లేదు. మనవలున్నారు. ఒక్కటే అడుగుతాను. ఇక్కడ నన్ను పిలిచే పేరు పాస్టరమ్మ పెట్టుకున్నది. మా అమ్మ నాకేం పేరు పెట్టింది?"

తెలియదని చెప్పబోతుంటే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నా పేరే అక్కా. నువ్వు దూరమయ్యావని నీ పేరే నాకు పెట్టుకుంది అమ్మ."

అమ్మకు పెట్టింది వాళ్ళ నాయనమ్మ పేరు. మా ఇంట్లో అందరికీ తెలుసు. పెద్దమ్మ ఆ పేరును మెల్లగా రెండు మూడుసార్లు పలికింది. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

నిన్న ఆమె మనవడు మెసేజ్ పెట్టాడు. తన సమాధి రాయి మీద ఆ పేరే చెక్కించమందట నానమ్మ. తెలుగు అక్షరాల్లో రాసి పంపమని అడిగాడు.

ఆ మెసేజ్ అమ్మకు చదివి వినిపించాను.

"పంపవే, పాపం ఎదురుచూస్తుంటారు" అంది అమ్మ.

అమ్మ పేరు రాసి పంపాను.