ఆ ఈల మా అవ్వది

నిన్న పొద్దున బాపు ఫోన్ చేశాడు.

"అవ్వ పోయింది బిడ్డా."

ఫోన్‌లో వెనక ఎవరో ఏడుస్తున్నారు.

"క్లాసు మధ్యల ఫోన్ జేసిన. జర సార్‌కు చెప్పి రా" అన్నాడు.

నేను క్లాసులో లేను.

ఎక్కడున్నానో తర్వాత చెప్తా. ముందు అవ్వ.

అవ్వ అంటే మా నాయినమ్మ. మర్రిగూడ దిక్కు గొర్రెలు కాసే ఇంటి పిల్ల. అక్కడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి మోకాళ్లు వంగిపోయాయి. చౌటుప్పల్‌లో మా ఇంటికి వచ్చినవాళ్లు కర్ర పట్టుకుని వంటింటి దాకా నడిచే అవ్వనే చూసుంటారు.

నాకు ఇంకో అవ్వ తెలుసు. ఆమెకి పద్నాలుగేళ్లు. హైదరాబాద్‌లో కూర్చుని ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తోంది.

1960ల మొదట్లో సంగతి. వాళ్ల నాయిన పొట్టేళ్లు అమ్మడానికి సిటీకి వెళ్లాడు. మందను తోలడానికి అవ్వ, వాళ్ల అన్న వెంట వెళ్లారు. ఆ రోజు ఏదో దేశం నుంచి టీమ్ వచ్చిందట. మధ్యాహ్నానికే బజారు ఖాళీ. పొట్టేళ్లు కొన్న సేటు కూడా గ్రౌండ్‌కే బయల్దేరి, మీరూ రండి అన్నాడట.

వాళ్ల నాయిన కూతుర్ని కూడా తీసుకెళ్లాడు.

నిజం చెప్పనా? ఇది విన్నప్పుడు నాకు కుళ్లు పుట్టింది. అక్షరం ముక్క రాని మనిషి, ఆ రోజుల్లో, కూతుర్ని మ్యాచ్‌కి తీసుకెళ్లాడు. నేను పక్క వీధికి జిరాక్స్‌కి వెళ్లినా లైవ్ లొకేషన్ పెట్టాలి.

వచ్చినవాళ్లది ఏ దేశమో అవ్వకి చివరిదాకా తెలియదు. "తెల్లోళ్లు" అనేది, అంతే. వాళ్లు ఉత్త ఆటగాళ్లే కాదట. వాళ్ల దేశంలో ఫ్యాక్టరీ పనులకి పోతూ, సెలవు పెట్టి ఆడటానికి వచ్చారని సేటు చెప్పాడట. మనవాళ్లూ అంతే, పొద్దున నౌకరి, సాయంత్రం ఆట. ఆ మాట అవ్వకి తెగ నచ్చింది.

"మా లెక్కనే. పని చేసుకునేటోళ్లు."

రూల్స్ ఏమీ తెలియవు. కానీ మంద కాసిన పిల్ల కదా, ఎవడు దారి తప్పుతున్నాడో, ఎవడిని చుట్టుముడుతున్నారో ఇట్టే తెలిసిపోయింది. మన టీమ్‌లో ఎడమ పక్క ఒక బక్కోడు ఆడుతున్నాడు. అవ్వ వాడి పార్టీ.

బక్కోడి దగ్గరికి బంతి వచ్చింది. ముందు గోల్‌కీపర్ ఒక్కడే. వెనక నుంచి ఒక తెల్లోడు దూసుకొస్తున్నాడు. బక్కోడు చూడలేదు.

మంద వెనక తోడేలు కనిపిస్తే, కాసేవాళ్లు రెండు వేళ్లు నోట్లో పెట్టి ఒక ఈల వేస్తారు. గుట్ట అవతల దాకా వినిపిస్తుంది.

అవ్వ వేసేసింది.

బక్కోడు టక్కున ఆగిపోయాడు. రెఫరీ విజిల్ అనుకున్నాడు పాపం. తెల్లోడు బంతి తన్నుకుపోయాడు.

జనమంతా ఇటు తిరిగారు. వాళ్ల నాయిన భుజం మీది గొంగడి తీసి అవ్వ మీద కప్పేశాడు. లోపల అవ్వ నవ్వాగక గొంగడి కొరుక్కుందట. తిట్లన్నీ పక్కనున్న అన్న తిన్నాడు. ఆడపిల్ల ఈల వేస్తుందని ఎవరికి తడుతుంది?

ఆ అన్నకి అసలు ఈల వేయడమే రాదు.

మ్యాచ్ ఎవరు గెలిచారో అవ్వకి గుర్తులేదు. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ల నాయిన అన్న మాట మాత్రం గుర్తుంది.

"ఈల కొట్టింది పోరడే. ఊర్లె గట్లనే చెప్పాలె. దీని పేరు ఎత్తితే దీన్ని ఎవ్వడు చేసుకోడు."

ఆ నాయినని చూసి కుళ్లుకున్నా అన్నాను కదా. ఇక్కడ కొంచెం తగ్గింది. కొంచెమే.

ఆ తర్వాత ప్రతి పెళ్లిలో ఆ అన్న, అంటే బాపుకి మేనమామ, ఈ కథ చెప్పి అందర్నీ నవ్వించేవాడు. అవ్వ అన్నం వడ్డిస్తూ వినేది.

"వాడు చెప్పినప్పుడల్లా కడుపుల మండేది బిడ్డా. వాడు పోయిండు గని, మంట పోలే."

ఇదంతా నాకు ఎప్పుడు చెప్పిందంటే, నా కాలి మీద కమిలిన మచ్చ చూసిన రోజు. మెట్ల మీద పడ్డానని చెప్పాను. అమ్మ నమ్మింది. అవ్వ ఆ మచ్చ మీద వేలు పెట్టి చూసింది.

"మెట్లకు బూట్లుంటయా?"

అవును. నేను కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడుతున్నాను. ఇంట్లో ఎక్స్‌ట్రా క్లాసులని చెప్పి వెళ్లేది ఆ ప్రాక్టీసుకే. నిన్న ఫోన్ వచ్చినప్పుడు కూడా గ్రౌండ్‌లోనే ఉన్నాను. వచ్చే నెల నల్గొండలో మ్యాచ్.

మీ బాపుకు నేను చెప్తా, వాని మనసు మంచిగున్న దినం చూడనీ, అంది అవ్వ. ఆ దినం రాకముందే పోయింది.

నిన్న సాయంత్రం అవ్వని మట్టి చేసి వచ్చాక చుట్టాలంతా కూర్చున్నారు. బాపు అదే కథ ఎత్తాడు. మామ ఈల కొట్టిండు, ఆట ఆగింది. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు.

నేను చాయ్ గ్లాసులు అందిస్తూ విన్నాను. కాదు అంటే, నీకెవరు చెప్పిన్రు, ఎందుకు చెప్పిన్రు అని బాపు అడుగుతాడు. నా ఆట బయటపడుతుందని భయమేసింది. నోరు మూసుకున్నాను.

చచ్చిపోయాక కూడా ఆ నవ్వులు కొట్టేసిన మామ మీద ఎంత కుళ్లు వచ్చిందో చెప్పలేను. అవ్వ ఇన్నేళ్లు ఇది ఎట్లా మింగిందో.

నా పోస్టులు ఎప్పుడూ క్లోజ్ ఫ్రెండ్స్‌కే. ఇది అందరికీ పెడుతున్నా. ఆ అందరిలో బాపు కూడా ఉన్నాడు.

బాపూ, ఆ ఈల మామది కాదు. మీ అమ్మది.

నన్ను ఎంత తిట్టినా సరే. దినాల నాడు అందరూ మళ్లీ వస్తారు కదా, ఆ కథ ఆమె పేరుతో చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా.

పోయి రా అవ్వా. నీ కడుపుల మంట ఇగ చల్లారాలె. చల్లగ పండుకో.