పొయ్యిలో పెట్టిన విత్తనాల గోడ

నేను చదివింది ఐదో తరగతి వరకే. రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే తిట్టుకోకండి. నేను చెప్పబోయే తప్పు ముందు అవి దోమకాట్లు. ఒక్క పూటలో, ఒక్క అగ్గిపుల్లతో, మా ఊళ్లో ఇంకెవరి దగ్గరా లేని విత్తనాన్ని బూడిద చేసిన ఘనురాలిని నేను.

కొలకలూరు దగ్గర కాలవ గట్టు మీద చిన్న బడి. రెండు గదులు, ఒక వరండా, పందొమ్మిది మంది పిల్లలు, ఒక్క సారు. నేను అప్పుడే కొత్తగా చేరిన వంటమనిషిని. అక్కడ శనివారం పుస్తకం తియ్యరు. ఊళ్లోవాళ్లు ఎవరో ఒకరు వచ్చి, తమకు వచ్చిన పని పిల్లల చేత చేయిస్తారు. ఒక వారం తాటాకు బుట్ట, ఒక వారం వల కుట్టడం.

ఒక శనివారం రాహేలమ్మ మామ్మ వచ్చింది. ఆవిడ దొడ్లో కాసే గుండుదోస ఇంకెక్కడా లేదు. ఆ కాయతో పప్పు వండితే పక్కింటివాళ్లు గిన్నె పట్టుకుని తయారయ్యేవాళ్లు. అప్పటికే ఆవిడకి ఒంట్లో బాగాలేదు. మనవరాలు సువార్త భుజం పట్టుకుని, చివరి కాయ ఒళ్లో పెట్టుకుని వచ్చి, గింజ దాచే పద్ధతి నేర్పింది. గింజల్ని పేడలో కలిపి, గోడకి పిడకలు కొట్టాలి. పురుగు పట్టదు. తొలకరికి పిడక విరిచి నాటుకోవాలి. పందొమ్మిది మందీ తలొక పిడక కొట్టి, కింద సుద్దముక్కతో పేర్లు రాసుకున్నారు. మామ్మ ఒక్క గింజ కూడా ఇంటికి పట్టుకెళ్లలేదు. "ఇక మీరే చూసుకోండ్రా" అందట. నెల తిరక్కుండానే పోయింది.

ఇదంతా జరిగినప్పుడు నేను ఊళ్లో లేను. మా చెల్లి పురుడుకి బాపట్ల వెళ్లాను. తిరిగొచ్చాక ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అసలు అడిగే అలవాటే ఉంటే ఈ కథ ఎందుకుంటుంది చెప్పండి?

వచ్చిన వారానికి సారు పిలిచారు.

"నాగమణమ్మా, రేపు మండలం నుంచి ఆఫీసరు గారు వస్తున్నారు. వరండా అద్దంలా ఉండాలి."

"మీకెందుకండి, నేను చూసుకుంటాగా!"

చూసుకున్నాను. తెల్లారేసరికి అకాల వాన. కట్టెలన్నీ తడిసి చేపల్లా జారుతున్నాయి. ఊదీ ఊదీ నా కళ్లు మిరపకాయలయ్యాయి. అప్పుడు తలెత్తి చూస్తే వరండా గోడ నిండా పిడకలు! కింద పిల్లల పేర్లు. "పేడతో ఆడుకున్నదే కాక సంతకాలు కూడానా వెధవల్లారా!" అనుకున్నాను. నాకు చదువు రాకపోయినా బాగుండేది, ఆ పేర్లు చదివి మరీ కోపం తెచ్చుకున్నాను.

పందొమ్మిదీ పీకాను. గోడకి సున్నం కొట్టాను. ఒకే దెబ్బకి గోడ శుభ్రం, పొయ్యి భగభగ. నా తెలివికి నేనే మురిసిపోయాను. పొయ్యిలో చిటపటమని ఒకటే చప్పుడు. పోపు వెయ్యకుండానే ఈ చిటపట ఏంటా అని మూత తీసి చూశాను కూడా!

సారు ఆఫీసరుని తీసుకురావడానికి తెనాలి వెళ్లారు. పిల్లలు ఖాళీ గోడ చూసి, సారే తీసి లోపల దాచారనుకున్నారట. మధ్యాహ్నం ఆఫీసరు వచ్చి పిల్లలతో పాటే పప్పన్నం తిన్నారు. "ఇంకో గరిటె వెయ్యమ్మా" అని అడిగి మరీ వేయించుకున్నారు. చెయ్యి కడుక్కుని, "ఏది మాస్టారూ, ఆ విత్తనాల గోడ చూపించండి" అన్నారు.

సారు గర్వంగా వరండాలోకి నడిచారు. అక్కడే ఆగిపోయారు.

"నాగమణమ్మా, గోడ మీద పిడకలేవి?"

"పొయ్యిలో పెట్టేశానండి."

"ఎన్ని?"

"అన్నీనండి. ఒక్కటి కూడా వదల్లేదండి." అప్పటికీ మెచ్చుకుంటారనే అనుకుంటున్నాను!

ఆఫీసరు నోరు తెరిచారు. "అంటే, నేను తిన్న పప్పు..."

"వాటి మీదే ఉడికిందండి."

ఎవరూ నవ్వలేదు. సారు మెట్టు మీద కూర్చుని సంగతంతా చెప్పారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు. నాకు పట్టుకోవడానికి ఆకు కూడా లేదు.

సువార్త ఏడవలేదు. పొయ్యి దగ్గర కూర్చుని పుల్లతో బూడిద కెలుకుతోంది. నేనూ పక్కన కూర్చుని కెలికాను. దొరికినవన్నీ బొగ్గుముక్కలే.

"ఒకటైనా మిగిలుంటుందా పిన్నీ?"

"చూద్దాం తల్లీ" అన్నాను. లేదని నాకు తెలుసు.

ఆ తర్వాత అంగలకుదురు వెళ్లాను, రేపల్లె దాకా వెళ్లాను. కనిపించిన ప్రతి దొడ్డిలోకీ దొంగకోడిలా తొంగి చూశాను. "ఆ కాయ ఇంకెక్కడుందమ్మా, ఎప్పుడో పోయింది" అన్నారు అందరూ. తొలకరికి పిల్లలు కొట్లో కొన్న గింజలు నాటారు. ఏవో కాయలు కాశాయి.

ఆ ఏడు ఒక శనివారం సారు నన్ను పిలిచారు. "ఈ వారం పాఠం మీరే చెప్పాలమ్మా."

"నేనా? నాకేం వచ్చండి?"

"జరిగింది చెప్పండి చాలు."

పందొమ్మిది మంది ముందు నిలబడి మొత్తం చెప్పాను. అయ్యాక సువార్త చెయ్యెత్తింది.

"పిన్నీ, నిజం చెప్పు. ఆ రోజు పప్పు ఎలా ఉంది?"

అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు.

"బాగుందే. అంత బాగా మళ్లీ ఎప్పుడూ కుదరలేదు."

ఆ పిల్ల మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. నేనూ అంతే.

అందుకని పెద్దలారా, ఈ చేతిలో ఉన్న గరిటె సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇకమీదట గోడ మీద పేడ కనబడినా సరే, ముందు చెప్పులు విప్పి, దణ్ణం పెట్టి, "అమ్మా, నీ కడుపులో ఎవరైనా ఉన్నారా?" అని అడుగుతాను. అది జవాబు చెప్పేదాకా అన్నం ఉడక్కపోయినా ఫర్వాలేదు, అగ్గిపుల్ల గియ్యను.