చేతులు ముడుచుకోవడం నేర్చిన వెర్లీన్

వెర్లీన్ కాడిల్ ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే డైనర్‌లో వడ్డించింది. అమెరికాలో కెంటకీ తూర్పు కొండల్లో, పైన్‌ఫోర్క్ అనే ఊళ్ళో, బొగ్గు లారీలు మలుపు తిరిగే చోట ఉండేది ఆ చిన్న రోడ్డుపక్క హోటల్. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చుంటారో, ఎవరికి గుడ్డు సొన కారుతూ ఉండాలో, ఎవరికి గట్టిపడాలో అంతా ఆమెకి కంఠతా. అడిగేలోపల అందించడం ఆమె గొప్ప. ఎక్కడైనా కాఫీ కప్పు సగానికి దిగిందంటే, తల అటు తిప్పకుండానే చెయ్యి వెళ్ళి నింపేసి వచ్చేది.

"నా చేతులకి విడిగా ఓ బుర్ర ఉంది బంగారం. దానికీ నా బుర్రకీ మాటల్లేవు," అనేది.

ఓ జనవరి పొద్దున చెత్త పారబోయడానికి పెరట్లోకి వెళ్ళి, మంచు మీద కాలు జారి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక థెరపీకి పంపారు. అక్కడ బ్రెన్నా అనే అమ్మాయి ఆమె ముందు దోసకాయ ఊరగాయ సీసా పెట్టి, మూత తియ్యమని చెప్పి, తను మాత్రం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెర్లీన్ తిప్పింది, తిట్టింది, సీసాని పొట్టకి అదుముకుని మళ్ళీ తిప్పింది. చెమట పట్టింది.

"ఏమ్మాయ్, చూస్తూ కూర్చోడమేనా? ఓ చెయ్యి వేసేదేమైనా ఉందా?"

"లేదండీ. మీరే తియ్యాలి."

"దీనికి నీకు జీతం కూడా ఇస్తారా?"

"ఇస్తారండీ. సెలవులు కూడా ఇస్తారు."

మరి కాసేపటికి మూత టప్పుమని ఊడింది. వెర్లీన్ అక్కడికక్కడే ఓ ముక్క తీసి కరకర నమిలింది. ఇన్నేళ్ళూ ఎన్ని సీసాల మూతలు తీసిందో లెక్కే లేదు, కానీ ఒక్కటీ ఇంత రుచిగా అనిపించలేదు. ఎవరా అమ్మాయి, ఏం చదివింది అని ఆరా తీసింది. ఆక్యుపేషనల్ థెరపీ అసిస్టెంటు అట. పక్షవాతం వచ్చినవాళ్ళూ, ఎముకలు విరిగినవాళ్ళూ తిండి తినడం, బట్టలు తొడుక్కోవడం లాంటి పనులు మళ్ళీ తమంతట తామే చేసుకునేలా నేర్పడం ఆ ఉద్యోగం. కొండ దిగువ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ చదువు.

ఆ వేసవిలోనే డైనర్ మూతపడి, దాని స్థానంలో టైర్ల దుకాణం వచ్చింది. నలభై తొమ్మిదేళ్ళ వెర్లీన్ కాలేజీలో చేరతానంది. మొగుడు డారెల్ నవ్వలేక చచ్చాడు.

"ఎదుటివాళ్ళు తిప్పలు పడుతుంటే చూస్తూ కూర్చునే ఉద్యోగమా? నువ్వా? మన కుక్క గోక్కుంటుంటేనే ఆగలేవు కదే, పరిగెత్తుకెళ్ళి నువ్వు గోకుతావు!"

మాట నిజమే. ఆ రాత్రి అతని పళ్ళెంలో మాంసం ముక్కలు కోసి పెట్టకుండా వదిలేసింది. కత్తి ఎక్కడుంటుందో అతనికి తెలియలేదు.

తరగతిలో పధ్నాలుగు మంది. అందులో పదమూడు మంది ఆమె కూతురి వయసువాళ్ళు. మణికట్టులో ఎనిమిది ఎముకలుంటాయని చెప్పినప్పుడు పిల్లలందరూ తలలు పట్టుకున్నారు గానీ, వెర్లీన్‌కి ప్రాణం లేచొచ్చింది. డైనర్‌లో బల్లలూ ఎనిమిదే! ఒక్కో ఎముకని ఒక్కో బల్ల దగ్గర కూర్చోబెట్టేసింది. పరీక్షనాడు ఆమె కలం ఊపుతూ, "స్కాఫాయిడ్, రెండు గుడ్లు, గ్రేవీ వేరేగా. దాని పక్కన లూనేట్, ఉత్త కాఫీ. మూలన పిసిఫారం, బఠాణీ గింజంత మనిషి, ఎప్పుడూ టిప్పు ఇవ్వడు," అని గొణుక్కుంటుంటే వెనక బెంచీ అమ్మాయికి ఆకలేసింది. తరగతిలో మొదటి మార్కు వెర్లీన్‌దే.

చిక్కంతా చేతులతో చేసి చూపించే పరీక్షలో వచ్చింది. ఒక అమ్మాయి ఎడమచెయ్యి పడిపోయినట్టు నటిస్తూ కూర్చుంటుంది. ఆమె తనంతట తనే చొక్కా తొడుక్కునేలా చెయ్యాలి. ముందు పడిపోయిన చెయ్యి, తర్వాత మంచి చెయ్యి. నోటితో చెప్పాలి, అవసరమైతే వేలితో చూపించాలి, అంతే. గంట మోగగానే వెర్లీన్ లేచింది. నలభై సెకన్లలో చొక్కా తొడిగి, బొత్తాలు పెట్టి, కాలరు సర్ది, భుజం మీది నూలుపోగు కూడా దులిపింది.

టీచరు గ్లెండా ఆస్‌బోర్న్ వెర్లీన్ కంటే పదేళ్ళు చిన్నది. మెత్తగా మాట్లాడుతుంది, మెత్తగానే సున్నాలు వేస్తుంది.

"చాలా అందంగా తొడిగారు. మరి మీ పేషెంటు ఏం నేర్చుకుంది?"

"నేనా? నేను హాయిగా కూర్చున్నానండీ," అంది ఆ అమ్మాయి.

రెండోసారి వెర్లీన్ చేతులు వెనక్కి కట్టుకుంది. బొత్తం తప్పు కంతలోకి దూరుతుంటే చూడలేక మోచేత్తో పొడిచి సరిచేసింది. మళ్ళీ సున్నా.

అందరూ వెళ్ళాక గ్లెండా ఆమె పక్కన కూర్చుంది. "సాయం చేస్తున్నాననుకుంటున్నారు వెర్లీన్. మీరు ఆవిడ చేతిలోంచి చొక్కా లాక్కుంటున్నారు."

ఇంటికి పోయే దారిలో కారు పెట్రోలు బంకు దగ్గర ఆపి, పెట్రోలు కొట్టించకుండా అలాగే కూర్చుండిపోయింది వెర్లీన్. వాళ్ళమ్మ గుర్తొచ్చింది. పక్షవాతం వచ్చాక మూడేళ్ళు ఆమెకి చెంచాతో తినిపించింది తనే. ఒకరోజు అమ్మ చెంచా కోసం చెయ్యి చాపింది. "నీకెందుకమ్మా శ్రమ, నేనున్నాగా," అని ఆ చేతిని దుప్పటి కింద పెట్టింది. అమ్మ మళ్ళీ చాపలేదు. ఊరంతా ఎంత మంచి కూతురో అన్నారు.

మూడోసారి పరీక్షలో వెర్లీన్ రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద తన బరువంతా వేసి కూర్చుంది. చొక్కా తొడుక్కోవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. చేతులు తిమ్మిరెక్కి, మార్కుల కాగితం అందుకోలేకపోయింది. పాసయింది.

రెండో ఏడు మార్చిలో ఊరి చివర వృద్ధుల ఆశ్రమానికి పని నేర్చుకోవడానికి పంపారు. అక్కడి థెరపిస్టు జోలీన్ ఆమెకి మొదట అప్పగించిన మనిషి ఎల్జీ కూంబ్స్, డెబ్భై నాలుగేళ్ళవాడు, పక్షవాతంతో కుడిచెయ్యి బలహీనపడింది. డైనర్‌లో నాలుగో బల్ల ఆయనదే. వెర్లీన్‌ని చూడగానే మొహం వెలిగిపోయింది.

"వచ్చావా పిల్లా! బతికాను. ఆ బిస్కట్ రొట్టెకి వెన్న రాయి, ఎప్పట్లాగే రెండువైపులా."

వెర్లీన్ చేతులు లేచాయి. జేబుల్లో కుక్కుకుంది.

"కత్తి నీ పక్కనే ఉంది ఎల్జీ."

"నిన్ను చదివించి పాడు చేశారే!"

చెంచా పట్టుకోమంటే, అన్నం పెట్టడానికి నర్సులున్నారు అన్నాడు. బొత్తాలు పెట్టుకోమంటే, అందుకే కదా ఓపల్‌ని పెళ్ళిచేసుకుంది అన్నాడు. మూడు రోజులు ఇదే వరస. నాలుగో రోజు వెర్లీన్ చెంచాలూ బొత్తాలూ పక్కన పడేసింది.

"సరే, ఇవేవీ వద్దు. అసలు నీకేం చెయ్యాలనుందో చెప్పు."

ఆయన కిటికీలోంచి కొండ వాలు వైపు చూశాడు. "ఏప్రిల్ వచ్చేస్తోంది. అడవి టర్కీ కోళ్ళు కిందికి దిగుతాయి. వేటలో నా అంత బాగా వాటిని పిలిచేవాడు ఈ జిల్లాలో లేడు. ఇప్పుడీ చేతిని పిలిస్తే ఇదే పలకడంలేదు."

మర్నాడు భార్య ఓపల్ ఇంటినుంచి ఆయన పిలుపు పలక తెచ్చిచ్చింది. అరచేతిలో ఇమిడే గుండ్రటి పలక, బలపంలా పట్టుకుని గీసే కర్రపుల్ల. సరిగ్గా గీస్తే ఆడ టర్కీ పిలిచినట్టుండి, మగది వెతుక్కుంటూ వస్తుంది. వెర్లీన్ ఆ పుల్లకి స్పాంజి చుట్టి లావు చేసింది. ఎల్జీ గీశాడు. జలుబు చేసిన తలుపు తెరిచినట్టు వచ్చింది చప్పుడు.

"ఎవర్నో చంపేస్తున్నారు! పోలీసుల్ని పిలవండి!" అని పక్కగదిలోంచి హాటీ అనే ముసలావిడ కేకలు పెట్టింది.

వారం తిరిగేసరికి ఆశ్రమం అంతా కిర్రుకిర్రుమంటోంది. ఫిర్యాదులు వచ్చాయి. జోలీన్ మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట మాత్రమే అని హద్దు పెట్టింది. ఎల్జీకి ఆ అరగంటే రోజంతా. పుల్లకి చుట్టిన స్పాంజి పొర తర్వాత పొర తగ్గిపోయింది. మూడోవారానికి పుల్ల ఒట్టిగానే పట్టుకుంటున్నాడు. ఇక పిలిచేది ఆయనో, ఆడ టర్కీయో చెప్పడం కష్టం.

ఏప్రిల్ రెండోవారంలో, ఎల్జీ కిటికీ దగ్గర కూర్చుని గీస్తుంటే, కొండ వాలు మీంచి గుడగుడమని బదులొచ్చింది. ఇద్దరూ బిగుసుకుపోయారు. పొదల్లోంచి ఓ మగ టర్కీ బయటికొచ్చి, తోక విసనకర్రలా విప్పుకుని, కార్లు నిలిపే చోటికి పెళ్ళికొడుకులా నడిచొచ్చింది.

ఆ కంగారులో పుల్ల ఎల్జీ చేతిలోంచి జారి కుర్చీ కిందికి దొర్లింది.

"ఇవ్వు! తొందరగా ఇవ్వు! వెళ్ళిపోతుంది!"

వెర్లీన్ సగం వంగి, ఆగిపోయింది. పడిపోకుండా ఆయన నడుముకి కట్టిన పట్టీని ఒక చేత్తో పట్టుకుంది. రెండో చేతిని జేబులో కుక్కుకుంది.

"కాళ్ళు వెడల్పుగా పెట్టు. ముందుకి వంగు. నేను పట్టుకునే ఉన్నా."

"నీకు గుండె లేదే రాక్షసీ!"

తిడుతూనే వంగాడు. వేళ్ళు నేల మీద వెతికాయి, పుల్ల తగిలింది, జారింది, మళ్ళీ దొరికింది. లేచి కూర్చుని, ఊపిరి పీల్చుకుని, గీశాడు. టర్కీ తిన్నగా కిటికీ దగ్గరికొచ్చి, అద్దంలో తన బొమ్మని చూసి, ఇంకో మొగాడెవడో ముందే వచ్చాడనుకుని అద్దాన్ని ముక్కుతో టకటకా పొడిచింది. చక్రాల కుర్చీలన్నీ కిటికీల దగ్గరికి చేరాయి. అందరికంటే ముందు హాటీ.

"ఇంకోసారి పిలవయ్యా ఎల్జీ! నా వైపు రావాలి!"

సాయంత్రం వెర్లీన్ రిపోర్టు ముందు కలం పట్టుకుని కూర్చుంది. 'పేషెంటు నేల మీది వస్తువును స్వయంగా తీసుకొనెను' వరకు రాసింది.

"జోలీన్, టర్కీని ఏమని రాయమంటావు?"

"'తగిన ప్రోత్సాహం లభించినది' అని రాయి. అంతకంటే వద్దు, ఇన్సూరెన్సు వాళ్ళు చదువుతారు."

మే నెలలో ఎల్జీ ఇంటికెళ్ళాడు. గుమ్మం దగ్గర ఓపల్ వెర్లీన్‌ని పక్కకి పిలిచి, "ఆయన బొత్తాలు ఆయనే పెట్టుకుంటున్నాడు. పొద్దున్నే నాకేం తోచట్లేదమ్మా," అంది. ఆ మాట పొగడ్తో, ఫిర్యాదో వెర్లీన్‌కి అంతుపట్టలేదు.

లైసెన్సు పరీక్ష మొదటిసారి కొద్దిలో పోయింది, రెండోసారి గట్టెక్కింది. ఆ ఆశ్రమంలోనే ఉద్యోగం వచ్చింది. మొదటిరోజు ఆమెకి దొరికింది యూలా నేపియర్ అనే ఎనభై ఏళ్ళ పియానో టీచరు. కుడి భుజం విరిగి, మాట్లాడ్డం మానేసి, గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

వెర్లీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీకేం చెయ్యాలనుందండీ?"

 గోడవైపు నుంచే, స్పష్టంగా, "మా అల్లుణ్ణి ఒక లెంపకాయ కొట్టాలనుంది," అని వినిపించింది.

"ఏ చేత్తో?"

ముసలావిడ మెల్లగా ఇటు తిరిగింది. "కుడిచేత్తో."

"అయితే భుజం దగ్గర్నుంచి మొదలుపెడదాం," అంది వెర్లీన్.