నాకో డౌట్ ఉంది

అన్నయ్య నా గ్రీన్‌కార్డు కోసం వేసిన పిటిషన్ పద్నాలుగేళ్ళకు ఫలించి అమెరికాలో ఫ్రిస్కో వచ్చేసరికి నాకు నలభై నాలుగు. గుంటూరులో పదిహేనేళ్ళు ఫార్మసిస్టుగా చేశాను. ఆ చదువు ఇక్కడి లైసెన్సుకు చాలదన్నారు. ఒక మందుల షాపులో టెక్నీషియన్‌గా చేరాను. ఫార్మసిస్టు చూసేలోగా మందు సిద్ధం చేసి, లేబుల్ అంటించి ఇవ్వాలి. అన్నయ్య మాత్రం ఇంటికొచ్చిన వాళ్ళందరితో, చెల్లిని మేమే తెచ్చాం, సెటిలైపోయింది అంటుంటాడు. ఒళ్ళు మండుతుంది నాకు.

ఆరేళ్ళయ్యాక లీడ్ టెక్నీషియన్ పోస్టు ఖాళీ అయింది. కొత్తవాళ్ళకు పని నేర్పే ఉద్యోగం. నా చదువుకు కాస్తయినా విలువ దొరుకుతుందని ఎంతో ఆశపడ్డాను. రాలేదు. మేనేజర్‌ని అడిగితే నా రివ్యూ చూపించింది. పని బాగా వచ్చు గానీ తన మీద తనకే నమ్మకం లేదని రాసి ఉంది. రోజుకు పదిసార్లు 'ఐ హావ్ ఎ డౌట్' అంటానట.

మనకు డౌట్ అంటే ప్రశ్న. బళ్ళో డౌట్లు అడిగే పిల్లనే తెలివైనదంటారు. ఇక్కడేమో ఆ మాట అంటే నాకు చేతకాదని ఒప్పుకున్నట్టట. ఆరేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా ఇక్కడున్న అన్నయ్యకైనా తెలియదా? ఆ సాయంత్రమే వెళ్ళి అడిగాను.

"తెలుసమ్మా. నేనూ మొదట్లో అనేవాణ్ణి, తర్వాత మానేశా. నీ జాబ్‌కి అదంత ఇంపార్టెంట్ కాదనుకున్నా."

వదిన అన్నం వడ్డిస్తోంది. తినకుండానే వచ్చేశాను.

మర్నాటి నుంచి షాపులో నోరు కట్టేసుకున్నాను. మూడో రోజు ఓ పసిపాపకు రాసిన సిరప్‌కు లేబుల్ అంటిస్తుంటే, డోసు పెద్దవాళ్ళకిచ్చేంత కనబడింది. ఫార్మసిస్టు పక్కనే ఉన్నాడు. నాలుక చివరికొచ్చిన మాట మింగేశాను. దాన్ని ఇంకెలా అడగాలో వెతుక్కుంటూనే సీసా ఆయన ముందున్న ట్రేలో పెట్టేశాను. ఆయన దాన్ని అందుకోబోయేదాకా చూస్తూ నిలబడ్డాను. అప్పుడు చెయ్యి అడ్డం పెట్టి, డౌట్ ఉందని గట్టిగానే అన్నాను. ఆయన డాక్టరుకు ఫోన్ చేసి డోసు మార్పించాడు, మంచి పని చేశావన్నాడు. నేను పాత లేబుల్ పీకేసి కొత్తది అంటించాను. మందులో తప్పు కనబడ్డాక నోరు మూసుకుని నిలబడటం ఇన్నేళ్ళలో నాకదే మొదటిసారి.