నేను చెప్పించిన ప్రతిజ్ఞ

నా చిన్నప్పుడు, మేళ్లచెరువుకు దగ్గర్లోని మా ఊరి బడిలో రోజూ పొద్దున ప్రతిజ్ఞ చెప్పించేది నేనే. అప్పుడు ఏడో తరగతి. నా గొంతు పెద్దది, ఊళ్లో మా నాన్న పేరు అంతకంటే పెద్దది. కుడిచెయ్యి ముందుకు చాపి నేనొక మాట అంటే, బడి మొత్తం చేతులు చాపి ఆ మాట తిరిగి అనేది. ఎవరు అనడం లేదో చూసి, పేరు రాసి హెడ్మాస్టరుగారికి ఇవ్వడం కూడా నా పనే. ఎంత మురిసిపోయేవాణ్ణో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

విరామం వేళ మంచినీళ్ల కుండ, మా రంజన్, దగ్గర నిలబడి నీళ్లిచ్చేదీ నేనే. మా వాళ్ల పిల్లలకు గ్లాసు అందించేవాణ్ణి. దళితవాడ పిల్లలు దోసిలి పడితే చెంబు పైకెత్తి, వాళ్ల చేతులకు తగలకుండా పోసేవాణ్ణి. అలా పోయమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. ఇంట్లో చూసిందే బడిలో చేశాను.

ఆ వాడ నుంచి వచ్చే ఒక అమ్మాయి మా తరగతిలోనే చదివేది. వాళ్ల నాన్న సున్నపురాయి కొట్టే పనికి పోయేవాడు. ప్రతిజ్ఞ అంతా ఆమె ఖంగుమని చెప్పేది. ఈ దేశంలో అందరూ తోబుట్టువులేనన్న మాట దగ్గర మాత్రం నోరు మూసుకునేది. మూడు రోజులు కనిపెట్టి, నాలుగో రోజు ఆమె పేరు రాసి ఇచ్చాను. దేశానికి ఏదో సేవ చేశాననే అనుకున్నాను.

హెడ్మాస్టరుగారు ఆమెను ఎండలో నిలబెట్టారు. రేపు కూడా ఆ మాట చెప్పకపోతే ఇక బడికి రానక్కర్లేదన్నారు. ఆమె ఏడవలేదు, చెప్పనూ లేదు. కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చే మా తెలుగు సారు ఆమె దగ్గరికి వెళ్లి, ఎందుకమ్మా చెప్పడం లేదని మెల్లగా అడిగారు. నేను కిటికీ దగ్గర నిలబడి వింటున్నాను.

"గా మాట అబద్ధం సార్. అబద్ధమాడితే మా అమ్మ కొడ్తది."

సారు హెడ్మాస్టరుగారితో మాట్లాడి ఆమెను నీడలోకి తెచ్చారు. విరామం వేళకు రంజన్ దగ్గరికి వచ్చి, దళితవాడ పిల్లల వెనక వరుసలో నిలబడ్డారు. ఆయన వంతు రాగానే నేను గ్లాసు అందించబోయాను.

"గ్లాసు వద్దు. వాళ్లకెట్ల పోస్తావో నాకూ అట్లనే పొయ్యి," అని వంగి దోసిలి పట్టారు.

చెంబు ఎత్తి పోశాను. నీళ్లు ఆయన మోచేతుల మీదుగా కారి చొక్కా తడిసింది. అంత పెద్దాయన నా ముందు అలా వంగి తాగుతుంటే చూడలేకపోయాను. ఆయన నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. మూతి తుడుచుకుని, "రేపు జర ఆలోచించి చెప్పించు," అని మాత్రం అన్నారు.

మర్నాడు ఆ మాట దగ్గర ఎలాగో గొణిగాను. ఆమె ఆ రోజూ అనలేదు, నన్నే చూస్తూ నిలబడింది. చెప్పిందా అని హెడ్మాస్టరుగారు అడిగితే చెప్పింది సార్ అన్నాను. విరామంలో గ్లాసు ఆమె చేతికిచ్చాను. గటగటా తాగి, ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి నవ్వింది. నేనేదో గొప్పవాణ్ణయిపోయినట్టు ఇంటికి ఎగురుకుంటూ పోయాను.

ఆ గొప్పతనం వాకిలి దాకానే. కబురు నాకంటే ముందే ఇల్లు చేరింది.

"గ్లాసు దాని చేతికిచ్చినవట, నిజమేనారా?" అన్నాడు మా నాన్న. చేతిలో చెర్నాకోల ఉంది.

"లేదు నాయినా. దానికదే గుంజుకున్నది."

ఆ సాయంత్రమే మా నాన్న ఆ అమ్మాయి తండ్రిని పిలిపించాడు. మా అరుగు కింద చేతులు కట్టుకుని నిలబడ్డ ఆయనను నేను తలుపు చాటు నుంచి చూశాను. బయటికి వచ్చి నిజం చెప్పడానికి నాలుగు అడుగులు వేస్తే చాలు. వేయలేదు. తెల్లారి నుంచి ఆ అమ్మాయి బడికి రాలేదు. తెలుగు సారు రెండుసార్లు వాళ్లింటికి పోయి అడిగినా పంపలేదు.

మొన్న మిర్యాలగూడలో మా మనవరాలి బడిలో తల్లిదండ్రుల మీటింగు జరిగింది. పిల్లలందరితో ప్రతిజ్ఞ తప్పనిసరిగా చెప్పించాలా, ఇష్టమైనవాళ్లే చెప్పాలా అని వాదులాట. పెద్దవాణ్ణని నన్నూ అడిగారు. చెప్పించండి, కానీ ఎవరైనా నోరు మూసుకుంటే పేరు రాయకండి, ఎందుకో అడగండి, అడిగాక ఆ జవాబు వినండి అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. అడిగినప్పుడు జవాబు చెప్పిన పిల్లకు నా వల్ల ఏమైందో వాళ్లకు చెప్పలేదు. తల దించుకుని కూర్చున్నాను, వినయం అనుకున్నారు.