గుర్రం ఊపిరి పీల్చుకుంటోంది

కళ్ళద్దాల దుకాణం మావయ్యగారికి ఒకటే పిచ్చి, గుర్రం. పుట్టి బుద్ధెరిగి ఆయన గుర్రమెక్కింది లేదు. అల్లుడి స్కూటరు వెనక కూర్చుంటేనే కళ్ళు గట్టిగా మూసుకుంటారు. కానీ ఆదివారం సాయంత్రం దుకాణం మేడమీద పాతకాలపు కోటల ఆట పరిచారంటే తీర్పులన్నీ ఆయనవే. ఆ ఆటలో ఎవరికి వారే ఒక రౌతు. ఏం చేయబోతున్నారో నోటితో చెప్పి పాచిక వేస్తే, దెబ్బ తగిలిందో లేదో ఆయన తేలుస్తారు.

చిక్కల్లా గుర్రాలతోనే. రౌతు బల్లెం ఎత్తాలంటే ముందు గుర్రం స్థిమితపడాలి. అందాకా బల్ల చుట్టూ ఇంకెవరూ నోరు విప్పకూడదు, గుర్రం బెదురుతుందట. శత్రువు ముక్కు మీదికొచ్చినా సరే, "గుర్రం ఊపిరి పీల్చుకుంటోంది" అని మావయ్యగారు చెయ్యెత్తేవారు. ఓసారి అది ఊపిరి పీల్చుకునేలోగా కోట మొత్తం కాలిపోయింది.

అల్లుడు పళ్ళ డాక్టరు. వారమంతా ఎదుటివాళ్ళ నోళ్ళు తెరిపించే మనిషికి ఇలా తన నోరు మూసుకు కూర్చోవడం ప్రాణసంకటంగా ఉండేది. చివరికి మొహమాటం పక్కనపెట్టి అనేశాడు.

"రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంటారు, మావయ్యగారూ. మన గుర్రాలు అసలు నడవడమే మానేశాయి. ఈ నియమం తీసేద్దాం."

ఆటకొచ్చే లెక్కల టీచరమ్మ సరేనంది. తాళాలు బాగుచేసే పెద్దాయన ఎప్పటిలాగే ఏమీ అనలేదు. మావయ్యగారు ఆయనవైపోసారి చూసి, మీ ఇష్టమన్నారు. మొహం మాత్రం చిన్నబోయింది.

ఆ రోజు ఆట పరుగులు పెట్టింది. తాళాలాయన వంతు రాగానే "నే... నేను..." అన్నాడో లేదో, నరుకుతారు అంతేగా అంటూ టీచరమ్మ పాచిక చేతిలో పెట్టేసింది. ఆయన తలూపి వేశాడు. రెండోసారి "ది... ది..." అంటుంటే, దూసుకెళ్తారు కాబోలని డాక్టరే అందించాడు. దానికీ తలూపి, వచ్చే వారం తనకు పనుందని, రాలేనని ఎలాగో చెప్పాడు.

అప్పుడు వెలిగింది డాక్టరుకి. తాళాలాయనకి నత్తి. గుర్రం కోసమని అందరూ ఆగే ఆ కాస్త వ్యవధిలోనే ఆయన మాట కూడదీసుకునేవాడు. ఇన్నాళ్ళూ ఊపిరి పీల్చుకున్నది గుర్రం కాదు. డాక్టరుకి తన మీద తనకే సిగ్గేసింది.

మళ్ళీ తాళాలాయన వంతు. టీచరమ్మ పెదవి కదపబోతే డాక్టరు చెయ్యెత్తాడు.

"ఆగండి. ఆయన గుర్రం ఇంకా ఊపిరి పీల్చుకుంటోంది."

అందరూ ఆగారు. మావయ్యగారు కళ్ళద్దాలు తీసి శుభ్రంగా ఉన్నవాటినే తుడుచుకున్నారు. తాళాలాయన నిదానంగా నోరు విప్పాడు.

"ది... దిగుతాను. ఇందాకట్నుంచి గుర్రం దిగుదామనే చూస్తున్నాను. మీరు దిగనిస్తేగా!"

మేడ అదిరిపోయేలా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది తాళాలాయనే.