నాలుక లేని గంట

నేను చెప్పేవాటిలో సగం అబద్ధాలు, మిగతా సగం పెంచి చెప్పినవి. ఈ సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. ఇది మాత్రం ఆ రెండింట్లోనూ లేదు. మీరు నమ్మకపోతే నాకు పోయేదేం లేదు... నిద్ర తప్ప. అది ఎలాగూ ఆ రాత్రే పోయింది.

మాది నౌపడ దగ్గర చిన్న ఊరు. రాతి చర్చి ఒకటి, దాని పక్కనే అంత పాతదే ఒక బ్యాంకు భవనం. రెండూ దొరల కాలంలో కట్టినవే. బ్యాంకు మెయిన్ రోడ్డు మీదికి మారిపోయింది. ఆ ఏడే తుఫానుకి చర్చి గోపురం బీటలు వారింది. గంటని కిందికి దించి, ఖాళీగా ఉన్న పాత బ్యాంకు స్ట్రాంగ్ రూములో పెట్టారు. ఇనప తలుపైతే ఉంది. తాళం మాత్రం బ్యాంకు వాళ్లు ఊడదీసి పట్టుకెళ్లారు. కంచు గంట... దొంగల భయం. అందుకని రాత్రిళ్లు వంతులవారీగా ఇద్దరేసి కాపలా పడుకోవాలన్నారు సంఘం పెద్దలు.

ఆ రాత్రి వంతు నాదీ, ఏలియా బావదీ. బావంటే మా మేనమామ కొడుకు. ఆ మేనమామ, దానయ్య మావే, నలభై ఏళ్లుగా ఆ గంట కొట్టే మనిషి. అప్పుడాయన శ్రీకాకుళం ఆస్పత్రిలో ఉన్నాడు. రెండు రోజులుగా స్పృహ లేదు. ఈ రాత్రి గడిస్తే చూద్దాం అన్నారు డాక్టర్లు. లోపల ఒక్కరినే ఉండనిస్తారు, అత్త ఉంది. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని బావ నాతో వచ్చేశాడు. ఫోను చేతిలోంచి దించలేదు.

మా చర్చిలో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా పోతే, వయసెంతో అన్ని గంటలు కొడతారు. నిదానంగా, ఒక్కొక్కటే. ఊరంతా పని ఆపి లెక్కపెడుతుంది. ఇరవై లోపు ఆగితే ఏడుపులు మొదలు. ఎనభై దాటితే, పెద్ద ప్రాణమేలే అని మళ్లీ పనిలో పడతారు.

మావకి అరవై ఎనిమిది.

"బావా, ఇక్కడ దెయ్యాలుంటాయంటావా?" అన్నాను, కాస్త నవ్విద్దామని.

"నోర్ముయ్ రా."

"ఉన్నా బేంకోళ్లతో పడలేక ఎల్లిపోయుంటాయి. లంచ్ టైము, తర్వాత రండి అనుంటారు."

బావ ఫోను వెలిగించి చూసుకున్నాడు.

ఒంటిగంట దాటింది. గాలి లేదు. ఉప్పు మడుల వాసన... దూరంగా ఒక కుక్క. అదీ ఆగిపోయింది. అప్పుడు...

టంగ్...

దూరంగా కాదు. మా వెనక. స్ట్రాంగ్ రూము గోడ లోపల.

"ఏటది?" అన్నాడు బావ.

"ఎలకేమో."

"ఎలక గంట కొడతాదేట్రా?"

టంగ్...

ఇక్కడొక సంగతి చెప్పాలి. గంట లోపల వేలాడుతూ కొట్టుకునే నాలుకని విడదీసి పాస్టరుగారింట్లో పెట్టారు. గంటని గోనెల మీద బోర్లించారు. సుత్తితో కొట్టినా 'దబ్' మంటుందే గానీ మోగదు. ఇది మోగుతోంది. గోపురంలో వేలాడుతున్నట్టే... చివర్లో ఆ సన్నటి వణుకుతో సహా.

టార్చి వేసి ఇనప తలుపు తోశాను. కిటికీ లేని గది. మనిషి లేడు. బోర్లించిన గంట, దాని మీద దుమ్ము. ఆ దుమ్ము కూడా కదలడం లేదు.

టంగ్...

బావ పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన అనుకున్నాను. కాదు... లెక్కపెడుతున్నాడు. నలభై. నలభై ఒకటి... యాభై దగ్గర గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఆపీరా... మా అయ్యరా... ఎలాగోలా ఆపీరా!"

గంటలు ఆపడం నాకెవరు నేర్పారు? యాభై తొమ్మిది... అరవై... పరుగెత్తి గంటని రెండు చేతులా వాటేసుకున్నాను. పెళ్లి కూడా కానివాణ్ని, మొదటి కౌగిలి కంచుకి రాసిపెట్టి ఉంది.

చప్పుడు ఆగింది.

గంట ఆగలేదు.

గంట లోపల్నుంచి నా ఛాతీకి ఒక పోటు. శబ్దం లేదు. అదే నిదానం. అరవై ఒకటి... అరవై రెండు... ప్రతి పోటుకీ నా పళ్లు కదులుతున్నాయి. అరవై ఆరు... అరవై ఏడు...

ఊపిరి బిగబట్టాను.

ఇంకోటి రాలేదు. రాలేదనే అనుకుంటున్నాను. అప్పటికి నా గుండె కొట్టుకుంటున్న తీరుకి, వచ్చినా తెలిసేది కాదు.

తెల్లారేదాకా పట్టు వదల్లేదు. ఐదింటికి బావ ఫోను మోగింది. అత్త. బావ ఎత్తలేకపోయాడు. ఒక చెయ్యి గంట మీదే ఉంచి నేను ఎత్తి, నేనే అత్తా అన్నాను.

"ఒరే... మీ మావ కళ్లు తెరిసినాడ్రా. మంచినీళ్లు అడుగుతన్నాడు."

ఊళ్లో ఆ గంట ఇంకెవరూ వినలేదు. ఆందోళనలో ఇద్దరూ భ్రమపడ్డారు అన్నారు పాస్టరుగారు. బావ ఆ మాటే పట్టుకున్నాడు. నా ఛాతీ మాత్రం వారం రోజులు నల్లగా కమిలిపోయి ఉంది. గట్టిగా వాటేసుకున్నందుకే అయ్యుండొచ్చు... ఉండొచ్చు.

నెల తర్వాత ఇంటికొచ్చిన మావకి అంతా చెప్పాను. దెయ్యమా, భ్రమా అని ఆయన అడగలేదు.

"ఎంతకాడ ఆగిందిరా?"

"అరవై ఏడు, మావా."

కాయలు కాసిన అరచేతుల్ని చాలాసేపు చూసుకున్నాడు.

"మొదలెట్టిన గంట మద్దెలో ఆపకూడదురా. మరి మిగిలిందాన్ని ఎవుడు కొడతాడు?"

మావకి ఇప్పుడు డెబ్బై దాటాయి. అంటే ఆ మిగిలిన ఒక్క దెబ్బ ఆయనది కాకపోయి ఉండాలి. మరి ఎవరిదో... నేను మాత్రం అడగదలుచుకోలేదు.